మబ్బుల్లో ఉమ్మడి గాదె!

*ఊరికి సేవచేసే చిన్న సంస్థకు పెద్ద ఆస్తి ఏది? భవనం కాదు, బ్యాంకు ఖాతా అంతకన్నా కాదు... కంప్యూటర్లో ఉన్న సమాచారం. అదే పోతే? పోకుండా ఉండాలంటే? ఆ జాగ్రత్తల గురించే ఈ కథనం.*

గోదారికి వరదొస్తోందని కబురందితే కోనసీమలో ఇంటిల్లిపాదీ చేసే మొదటి పని... సర్దుడు. బియ్యం బస్తా, పొలం దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు, పెళ్లి ఫొటోలు. అన్నీ ఒక్కొక్కటిగా అటకెక్కుతాయి. అలా అటకెక్కించడం ఇక్కడివాళ్లకు తాతల నుంచి వచ్చిన అలవాటు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద చూసిన ప్రాంతమిది. 1996 నవంబరు 6 తుపాను ఒక్క రాత్రిలో కొబ్బరి తోటల్ని పడగొట్టి, వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. 2022 జులైలో మళ్లీ 25 లక్షల క్యూసెక్కులు దాటి వరదొచ్చింది. నీటితో బతకడం తెలిసిన జనానికి ఏది ముందు కాపాడుకోవాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

మరి ఊళ్లోని చిన్న స్వచ్ఛంద సంస్థ మాటేంటి? కొత్తపేట మండలంలో ఉన్న పలివెల లాంటి ఊళ్లో ఓ సంస్థ ఉందనుకుందాం. రెండు గదులు, మూడు కంప్యూటర్లు, ఇద్దరు జీతగాళ్లు, నలుగురు వాలంటీర్లు. ఒక కంప్యూటర్లో జమాఖర్చులు. మరోదాంట్లో కంటి శిబిరాలకు వచ్చిన వృద్ధుల వివరాలు, ఎవరికి ఏ కంటికి ఆపరేషన్ అయిందీ, ఎవరికి కావాలన్నదీ. మూడోదాంట్లో చదువుకు సాయం అందుకుంటున్న పిల్లల జాబితా, పదేళ్ల ఫొటోలు. వరదొస్తే మానిటర్‌ని ఎవరో ఒకరు బల్లమీదకి ఎత్తుతారు. మామూలు రోజున పిడుగుపాటుకి కాలిపోతే? హార్డ్ డిస్కు ఉన్నట్టుండి మొరాయిస్తే? కొత్తగా చేరిన కుర్రాడు పొరపాటున ఫోల్డరు తుడిచేస్తే? కంప్యూటరు కొనివ్వడానికి దాతలు దొరుకుతారు. ఆ జాబితాను మళ్లీ ఎవరివ్వగలరు?

రాతి మీద... రాగి మీద...

నిజానికి సమాచారాన్ని దాచడం పలివెలకు కొత్త కాదు. కొప్పు ఉన్న శివలింగంగా పేరుపడ్డ ఉమా కొప్పేశ్వరస్వామి ఆలయం ఉన్న ఊరిది. ఆ గుడిలో పాత శాసనాలున్నాయి. దేవుడికి ఫలానావారు ఇంత ఇచ్చారు, దీపానికి ఇంత ఏర్పాటు చేశారు అని పూర్వం దాతలు రాళ్లమీద చెక్కించింది ఎందుకు? కాగితం చిరుగుతుంది, తాటాకుకు చెదపడుతుంది, మనిషి మాట మారుస్తాడు. రాయి అలా కాదు కాబట్టి. ఒకరకంగా అది ఆనాటి బ్యాకప్. కాకపోతే రాయి కూడా అరుగుతుంది. అందుకే శాసన పరిశోధకులు రాతి మీద తడి కాగితం అద్ది, సిరాతో నకలు తీసి దాచేవారు. అంటే రాతికీ ఓ బ్యాకప్పే!

తిరుమలలో తాళ్లపాక కవులదీ అదే ముందుచూపు. అన్నమయ్య సంకీర్తనల్ని రాగిరేకుల మీద చెక్కించి గుళ్లోని సంకీర్తనా భండారంలో భద్రం చేశారు. రాగిరేకులు చెక్కుచెదరలేదు. అయితే అవి అక్కడున్నాయన్న సంగతే కాలక్రమంలో జనం మరిచిపోయారు. 1922లో మళ్లీ వెలుగుచూసేదాకా ఆ పాటలు చీకట్లోనే ఉండిపోయాయి. దాచడం ఎంత ముఖ్యమో, ఎక్కడ దాచామో నలుగురికి తెలియడం, అప్పుడప్పుడూ తీసి చూడటం కూడా అంతే ముఖ్యమని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి!

ఇక దాచుకున్న చోటికే నీళ్లొస్తే? 2000 ఆగస్టులో హైదరాబాద్‌లో కుంభవృష్టి కురిసినప్పుడు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలోకి వరద చొరబడింది. అరుదైన ఉర్దూ పుస్తకాలూ పత్రికలూ నీళ్లపాలయ్యాయి. ఆరబెట్టి, బాగుచేసి, కొన్నింటినైనా దక్కించుకోవడానికి ఎంతో శ్రమపడాల్సి వచ్చింది. రెండో ప్రతి లేని పుస్తకం తడిస్తే దాని విలువ అప్పుడు తెలుస్తుంది.

రెండో ప్రతి ఉంటే ఏమవుతుందో చెప్పే కథా మన దగ్గరే ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్‌రెడ్డి చొరవతో మొదలైన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టులో భాగంగా ‘డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా’ వచ్చింది. వేలాది పాత తెలుగు పుస్తకాలు స్కాన్ అయి అందులో చేరాయి. 2017 ప్రాంతంలో కాపీరైటు చిక్కులతో ఆ సైటు మూతపడింది. అక్కడితో అంతా పోయినట్టే అనుకోవాల్సింది. కానీ అప్పటికే ఆ పుస్తకాల్లో లక్షలాది ప్రతులు ‘ఇంటర్నెట్ ఆర్కైవ్’లోకి చేరిపోయి ఉన్నాయి. ఇవాళ మనం పాత తెలుగు పుస్తకాన్ని ఇంట్లో కూర్చుని చదువుకోగలుగుతున్నామంటే చాలాసార్లు ఆ రెండో ప్రతి పుణ్యమే.

క్లౌడ్ అంటే మబ్బు కాదు

క్లౌడ్ అనగానే ఏదో గాల్లో తేలే వ్యవహారం అనుకుంటారు చాలామంది. అదేం కాదు. వేరే ఊళ్లో, వేరే దేశంలో, ఎవరిదో పెద్ద గోదాములో ఉన్న కంప్యూటర్లే క్లౌడ్. మన ఫైలు ఇంటర్నెట్ ద్వారా అక్కడికెళ్లి కూర్చుంటుంది. పలివెలలో వరదొచ్చినా అక్కడ రాదు కదా, అదీ ధైర్యం.

అయితే ఇక్కడే చాలా సంస్థలు పప్పులో కాలేస్తున్నాయి. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్ లాంటివి కంప్యూటర్లో పెట్టుకుని ‘మాకు బ్యాకప్ ఉంది’ అని నిశ్చింతగా ఉంటున్నాయి. అవి ప్రధానంగా చేసేది సింక్... అంటే అద్దంలో ప్రతిబింబంలా ఇక్కడున్నది అక్కడ చూపించడం. మనం బొట్టు పెట్టుకుంటే అద్దంలోనూ బొట్టు కనిపిస్తుంది. చెరిపేస్తే? అక్కడా చెరిగిపోతుంది! కంప్యూటర్లో ఫైలు తీసేస్తే క్లౌడ్‌లోనూ చెత్తబుట్టలో పడుతుంది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో అది 30 రోజులే ఉంటుంది. మార్చిలో పోయిన ఫైలు సంగతి ఆడిటరు అడిగితే జులైలో గుర్తొచ్చిందనుకోండి... అంతే సంగతులు.

రాన్సమ్‌వేర్ వైరస్ మరీ ఘోరం. ఫైళ్లన్నిటికీ తాళం వేసేసి డబ్బిస్తేనే తీస్తానంటుంది. 2017 మేలో ప్రపంచాన్ని వణికించిన వానాక్రై దెబ్బ ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లకూ తగిలింది. అలాంటిది సోకితే, తాళం పడిన ఫైళ్లే సింక్ అయి క్లౌడ్‌లోకీ వెళ్తాయి. బ్యాకప్ అంటే అద్దం కాదు, ఫొటో ఆల్బమ్. నిన్నటి ఫొటో, పోయిన వారం ఫొటో, పోయిన నెల ఫొటో విడివిడిగా ఉండాలి. ఇవాళ ముఖానికి మసి అంటినా పాత ఫొటో చెక్కుచెదరకూడదు.

లెక్క తేల్చుకుందాం

మన ఊహాసంస్థ మూడు కంప్యూటర్లలో కలిపి 200 జీబీ ఉందనుకుందాం. జమాఖర్చులు, జాబితాలు, ఉత్తరాలన్నీ కలిపినా 10 జీబీ దాటవు. మిగతా 190 జీబీ ఏంటి? ఫొటోలూ వీడియోలూ! రిబ్బన్ కత్తిరిస్తున్న ఒకే ఫొటో పన్నెండు కోణాల్లో, మూడు కంప్యూటర్లలో, అంటే 36 ప్రతులు. ప్రాణంలాంటి సమాచారం గుప్పెడు... చోటు తినేది గంపెడు.

ఇప్పుడు దీన్ని పైకి పంపాలి. నెట్ కనెక్షన్ అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్ అయితే సెకనుకు వెళ్లేది ఒకటింపావు ఎంబీ. 200 జీబీ వెళ్లడానికి దాదాపు 44 గంటలు పడుతుంది. కరెంటు పోకుండా, నెట్ తెగకుండా ఉంటేనే సుమా! అందుకే మొదటిసారి ముఖ్యమైన 10 జీబీ ముందు పంపేయాలి. రెండుంపావు గంటల్లో పనైపోతుంది. ఫొటోలు రాత్రిళ్లు నింపాదిగా వెళ్తాయి.

ఆ తర్వాత వారం వారం మొత్తం 200 జీబీ మళ్లీ పంపితే ఏడాదికి 10,400 జీబీ అవుతుంది. ఏ గాదె సరిపోతుంది! అదే కొత్తగా చేరినవి, మారినవి మాత్రమే పంపితే... వారానికి 2 జీబీ చొప్పున ఏడాదికి 104 జీబీ. మొదటి 200తో కలిపినా 304. మారినవాటినే పంపే ఈ పద్ధతిని ఇంక్రిమెంటల్ బ్యాకప్ అంటారు. డూప్లికాటి లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఈ పని చేయడమే కాదు, పంపేముందు ఫైళ్లకు రహస్య తాళం కూడా వేస్తాయి.

చోటు మాటకొస్తే, మామూలు జీమెయిల్ ఖాతాకు ఉచితంగా దొరికేది 15 జీబీ. ఈమెయిళ్లు, ఫొటోలు, ఫైళ్లు అన్నీ అందులోనే సర్దుకోవాలి. రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థలకు గూగుల్ ప్రత్యేక పథకం ఒకటి ఉంది. పత్రాలు పరిశీలించి అర్హత ఉందని తేలితే సంస్థ మొత్తానికి ఉమ్మడిగా 100 టీబీ ఉచితంగా ఇస్తుంది. అంటే మన 304 జీబీ లాంటివి మూడొందలకు పైగా పట్టేంత. చాలా చిన్న సంస్థలకు ఈ సంగతి తెలియక, కార్యదర్శి సొంత జీమెయిల్లోనే అన్నీ కుక్కేస్తున్నారు.

ఉమ్మడి గొడ్డు సామెత

‘ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చింది’ అన్నారు పెద్దలు. అందరిదీ అయితే ఎవరూ మేత వేయరు. ఉమ్మడి క్లౌడ్‌కి సరిగ్గా అదే జబ్బు. మూడు కంప్యూటర్లు, ఒకటే గాదె. వీడియోలు తీసే కుర్రాడు గాదె మొత్తం నింపేస్తాడు. చోటు అయిపోయిందని వచ్చిన హెచ్చరిక ఎవరూ చూడని మెయిల్‌లో పడుంటుంది. ఆ రోజు నుంచి జమాఖర్చుల బ్యాకప్ ఆగిపోతుంది. ఆగిందన్న సంగతి మూడునెలల తర్వాత, అవసరమొచ్చినప్పుడు తెలుస్తుంది!

కాబట్టి మొదట చేయాల్సింది పంపకం. జమాఖర్చులకింత, లబ్ధిదారుల వివరాలకింత, ఫొటోలకింత అని ముందే వాటా వేసుకోవాలి. వాటాలో నాలుగోవంతు ఎప్పుడూ ఖాళీగా ఉంచుకుంటే మంచిది. ప్రతి కంప్యూటరుకీ ఒక పేరు, ఆ పేరుతో క్లౌడ్‌లో ఒక ఫోల్డరు ఉండాలి. ‘న్యూ ఫోల్డర్ 2’, ‘ఫైనల్ ఫైనల్’ లాంటి పేర్లు పెడితే రేపు వెతికేవాళ్లకి చుక్కలు కనిపిస్తాయి. ఏడాది, నెల, పని... ఈ వరుసలో పేరు పెడితే కొత్తవాళ్లకీ ఇట్టే దొరుకుతుంది.

రెండోది, ఏది ఎన్నాళ్లు దాచాలో రాసుకోవడం. అన్నీ ఎల్లకాలం దాచాలనుకుంటే ఏ గాదె చాలదు. జమాఖర్చుల విషయంలో మాత్రం తొందరపడకూడదు. ధర్మసంస్థలు లెక్కల పుస్తకాలను పదేళ్లపాటు భద్రపరచాలని 2022 ఆగస్టులో ఆదాయపు పన్ను నిబంధనల్లో చేర్చిన 17ఏఏ చెప్పింది. ఫొటోల్లో మాత్రం కార్యక్రమానికి ఓ పది మంచివి ఉంచి మిగతావి తీసేస్తే కొంపేం మునగదు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం... తాళంచెవి. ఖాతా ఎవరి పేరున ఉంది? పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు? లాగిన్ అయ్యేటప్పుడు వచ్చే ఓటీపీ ఎవరి ఫోనుకెళ్తుంది? చాలాచోట్ల ఈ మూడింటికీ జవాబు ఒక్కరే. ఆ ఒక్కరూ ఉద్యోగమొచ్చి బెంగళూరో, గల్ఫో వెళ్లిపోతే? గాదె నిండా ధాన్యం ఉంటుంది, తలుపు తెరుచుకోదు. పైగా రెండేళ్లపాటు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి మొదలుపెట్టింది. ఖాతా సంస్థ పేరుమీదే ఉండాలి. కనీసం ఇద్దరికి అజమాయిషీ ఉండాలి. పాస్‌వర్డ్, అత్యవసర కోడ్‌లు కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, సంతకం చేసి బీరువాలో దాచాలి. ఎవరైనా సంస్థ వదిలి వెళ్తే బీరువా తాళాలు అప్పగించినట్టే క్లౌడ్ తాళాలూ అప్పగించి వెళ్లాలి.

మబ్బునే నమ్ముకుంటే...

ఇంత చేశాక ఇక నిశ్చింతేనా? కాదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రం తగలబడింది. ప్రభుత్వోద్యోగులు ఫైళ్లు దాచుకునే ‘జీ-డ్రైవ్’లోని 858 టీబీ సమాచారం బుగ్గిపాలైంది. బయట మరో ప్రతి లేదు. టెక్నాలజీకి పుట్టిల్లులాంటి దేశంలోనే అలా జరిగింది.

దానికి సరిగ్గా ఎదురు కథ ఆస్ట్రేలియాది. యూనిసూపర్ అనే పింఛను నిధి సంస్థ గూగుల్ క్లౌడ్‌లో వాడుతున్న ప్రైవేట్ క్లౌడ్ 2024 మేలో ఓ సాంకేతిక పొరపాటు వల్ల తుడిచిపెట్టుకుపోయింది. కానీ ఆ సంస్థ ముందుజాగ్రత్తగా వేరే కంపెనీ దగ్గర ఇంకో బ్యాకప్ పెట్టుకుంది. ఆరు లక్షలమందికి పైగా సభ్యుల లెక్కలు అలా బతికి బట్టకట్టాయి.

అంతదాకా ఎందుకు, మన కోనసీమ సంగతే చూడండి. జిల్లా పేరు విషయంలో 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక ఇంటర్నెట్ ఆపేశారు. దాదాపు రెండు వారాలపాటు ఇబ్బందులు తప్పలేదు. క్లౌడ్ భద్రంగానే ఉంది, దాని దగ్గరికి వెళ్లే దారే లేదు! ఆ రోజుల్లో ఒక కంప్యూటరు చెడితే, బ్యాకప్ అంతా క్లౌడ్‌లోనే ఉన్నవాళ్ల గతేంటి?

అందుకే నిపుణులు చెప్పే సూత్రం... మూడు, రెండు, ఒకటి. పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫొటోగ్రాఫర్ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. సమాచారం మూడు ప్రతులుండాలి. అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి. ఒకటైనా వేరే చోట ఉండాలి. మన సంస్థకి అన్వయిస్తే... కంప్యూటర్లో ఒకటి, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి. ఆ హార్డ్ డిస్కుని బ్యాకప్ అయ్యాక కంప్యూటరు నుంచి పీకేయాలి. తగిలించి వదిలేస్తే పిడుగొచ్చినా వైరస్ వచ్చినా రెండూ కలిసే పోతాయి. వీలైతే దాన్ని ఆఫీసులో కాక మెరక మీద ఉన్న కమిటీ సభ్యుడి ఇంట్లో పెట్టడం మేలు.

ఇంట్లో ఉన్న ప్రతి ఎంత పని చేస్తుందో హాలీవుడ్‌కి బాగా తెలుసు. 1998లో పిక్సర్ సంస్థ ‘టాయ్ స్టోరీ 2’ తీస్తుండగా ఎవరో ఇచ్చిన ఒక్క ఆదేశంతో సినిమా ఫైళ్లు వరసపెట్టి చెరిగిపోవడం మొదలైంది. బ్యాకప్ ఉందిగా అని చూస్తే, అది కొన్నాళ్లుగా సరిగ్గా పనిచేయడంలేదు. ఎవరూ గమనించలేదు! సాంకేతిక విభాగంలో ఉన్న గాలిన్ సుస్మన్‌కి అప్పుడే బిడ్డ పుట్టడంతో ఇంటి నుంచి పనిచేస్తోంది. ఆమె ఇంటి కంప్యూటర్లో ఓ ప్రతి ఉంది. దాన్ని దుప్పట్లలో చుట్టి, పసిపాపలా కార్లో కూర్చోబెట్టి స్టూడియోకి తెచ్చారట.

ఎవరి గుట్టు అది?

ఇంకో మాట. సంస్థ కంప్యూటర్లో ఉన్నది సంస్థ సమాచారమే కాదు. రంగమ్మగారి కంటిజబ్బు, తండ్రిలేని పిల్లాడి ఆధార్ కార్డు, ఒంటరి మహిళ బ్యాంకు ఖాతా నంబరు... వాళ్లు మనల్ని నమ్మి ఇచ్చినవి. అందరికీ పంచిన ఫోల్డర్లో, ‘లింకు ఉంటే ఎవరైనా చూడొచ్చు’ అన్న పద్ధతిలో పెట్టేస్తే అది నమ్మకద్రోహమే. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు కూడా వచ్చాయి. ఇతరుల వివరాలు దాచేవాళ్లకి బాధ్యతలున్నాయని ఆ చట్టం చెబుతోంది. చట్టం సంగతి ఎలా ఉన్నా, ఫొటోల ఫోల్డరు చూసే వాలంటీరుకి రోగుల జాబితా కనిపించాల్సిన పనిలేదు. ఎవరికి ఏది అవసరమో అంతే తలుపు తీయాలి. అవసరం తీరిన ఆధార్ నకళ్లు తీసేయాలి.

నెలకో అరగంట

ఇదంతా వింటే పెద్ద యజ్ఞంలా అనిపిస్తుంది కానీ, ఒక్కసారి అమర్చుకుంటే నెలకు అరగంట పని. కమిటీ సమావేశం రోజున ముగ్గురు కూర్చుని ఈ అయిదూ చూసుకుంటే చాలు.

• మూడు కంప్యూటర్ల చివరి బ్యాకప్ ఏ తారీఖున జరిగింది? రిజిస్టర్లో రాయాలి.

• గాదెలో ఇంకెంత చోటు మిగిలింది? ఏ ఫోల్డరు ఎక్కువ తింటోంది?

• ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో కొత్త ప్రతి పడిందా? మళ్లీ దాని చోటికి వెళ్లిందా?

• ఈ నెల ఎవరైనా కొత్తగా చేరారా, వెళ్లిపోయారా? వాళ్ల తాళాలు మార్చామా?

• ఏదో ఒక ఫైలు... పోయిన ఏడాదిది... బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి తెరిచి చూశామా?

ఈ చివరిదాన్నే చాలామంది వదిలేస్తారు. వెనక్కి తెచ్చి తెరవని బ్యాకప్, మూత తీయని ఆవకాయ జాడీ ఒకటే. బూజు పట్టిందో బాగుందో పైనుంచి చూస్తే తెలీదు.

రేపు గోదారి మళ్లీ పొంగుతుంది. పొంగాల్సిందే, అది దాని స్వభావం. కంప్యూటర్లు తడవొచ్చు, కాలొచ్చు, పాడైపోవచ్చు. నీరు తీశాక సంస్థ తలుపు తెరిచినప్పుడు, ‘బాబూ, నా రెండో కంటి ఆపరేషన్ ఎప్పుడన్నారు?’ అని గుమ్మంలో నిలబడి అడిగే పెద్దావిడకి తారీఖుతో సహా జవాబు చెప్పగలగాలి. అంతకన్నా ఏ సంస్థకైనా కావాల్సిందేముంది!